జింక్ మాత్రలతో రక్తం తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, మాది దిల్‌సుఖ్‌నగర్. జుట్టు రాలుతోందని ఏడాదిగా రోజూ 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర వేసుకుంటున్నాను. మూడు నెలలుగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది, ఐరన్ మాత్రలు వాడినా పెరగలేదు. రక్తంలో జింక్ మాత్రం నార్మల్ అని వచ్చింది. కారణం ఏమిటి?

జవాబు: ముందు ఆ జింక్ మాత్ర ఇవాళే ఆపేయండి. మీరు రాసింది చూస్తే రాగి లోపమని అనుమానం.

జింక్‌ను ఎంత రానివ్వాలో చిన్నపేగే చూసుకుంటుంది. తిండిలో తక్కువైతే పేగు కణాలు దాన్ని లోపలికి లాగే జిప్4 అనే ప్రొటీన్‌ను పెంచుకుంటాయి, ఎక్కువైతే తగ్గించుకుంటాయి. మిగిలింది చాలావరకు క్లోమరసంతో పేగులోకి వచ్చి మలంలో పోతుంది. ఒంట్లోని మొత్తం జింక్‌లో రక్తద్రవంలో తిరిగేది ఒక్క శాతం కూడా ఉండదు. అందుకే ఆ ఒక్క రిపోర్టు చూసి ధీమాగా ఉండకూడదు.

చిక్కంతా పెద్ద మోతాదుతోనే. జింక్ ఎక్కువైతే పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. దానికి జింక్ కన్నా రాగి మీదే పట్టు ఎక్కువ. మనం తిన్న రాగిని రక్తంలోకి పోనివ్వకుండా కణంలోనే పట్టి ఉంచుతుంది. కొద్ది రోజులకే ఆ కణాలు రాలిపోతాయి, వాటితో పాటు రాగీ పోతుంది. రాగి చాలకపోతే ఒంట్లో ఐరన్ ఉన్నా రక్తం సరిగా పట్టదు. వెన్నుపాము, నరాలు కూడా దెబ్బతింటాయి. జింక్ మాత్ర వేసుకుంటూ రాగి చెంబులో నీళ్లు తాగినా లాభం ఉండదు, ఆ రాగినీ పేగే పట్టేస్తుంది.

ఈ వారంలోనే సీరం కాపర్, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), సీబీపీ (రక్తకణాల లెక్క), బీ12 పరీక్షలు చేయించుకోండి. బీ12 లోపంలోనూ అచ్చం ఇలాంటి తిమ్మిర్లే వస్తాయి. సీబీపీలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తగ్గాయేమో తప్పక చూడాలి. రిపోర్టులతో న్యూరాలజిస్టును కలవండి. రాగి ఎంత ఇవ్వాలో ఆయనే చెబుతారు, సొంతంగా కొని వాడొద్దు. రక్తం సాధారణంగా కొన్ని వారాల్లో పుంజుకుంటుంది. నరాలు మాత్రం పూర్తిగా కోలుకోకపోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం రోజుకు మగవారికి 17, ఆడవారికి 13.2 మిల్లీగ్రాముల జింక్ చాలు. తిండి, మాత్రలు అన్నీ కలిపి 40 దాటకూడదు. మీ మాత్ర ఒక్కటే ఆ గీత దాటింది. పప్పుల్లో, గింజల్లో జింక్ ఉన్నా, వాటిలోని ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. నానబెట్టి మొలకెత్తించిన పెసలు, బాగా పులిసిన ఇడ్లీ పిండిలో ఫైటేట్ తగ్గుతుంది. మాంసం, గుడ్లలో ఆ అడ్డే లేదు.

జుట్టు సంగతికి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఇంట్లో మల్టీవిటమిన్ సీసా ఉంటే దాని వెనక చదవండి, అందులోనూ జింక్ ఉండొచ్చు.