కార్బురేటర్ క్లీన్ చేశాక చైన్‌సా మొరాయిస్తే...

ప్రశ్న: చైన్‌సా మధ్యమధ్యలో ఆగిపోతోందని కార్బురేటర్ విప్పి, క్లీనర్ స్ప్రేతో శుభ్రం చేసి మళ్లీ బిగించాను. అప్పటి నుంచి అసలు స్టార్టే కావడం లేదు. తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్ కొత్తదే. కార్బురేటర్ మార్చేయాలా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఇంకోసారి స్ప్రే కూడా కొట్టకండి. విప్పకముందు ఆగి ఆగి అయినా నడిచిన మిషన్ బిగించాక మూగబోయిందంటే, ముందు అనుమానించాల్సింది బిగింపునే. దాన్ని వెతకడానికి రెండు చిన్న పరీక్షలు చాలు.

చోక్ వేసి ఐదారుసార్లు తాడు లాగి, ప్లగ్ విప్పి మొన చూడండి. పొడిగా ఉంటే సిలిండర్‌లోకి పెట్రోలు రావడం లేదు. తడిసి ముద్దయితే ఎక్కువ వస్తోంది, లేదా వచ్చినా స్పార్క్ లేదు.

పొడిగా ఉందనుకుందాం. గాలి ఫిల్టర్ తీసి, కార్బురేటర్ గొంతులో 2 మి.లీ. పెట్రోలు వేయండి. అది టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ కలిపినదే అయి ఉండాలి. ఈ ఇంజన్‌కు వేరే లూబ్రికేషన్ లేదు కాబట్టి ఉత్త పెట్రోలు పనికిరాదు. ఒలికింది తుడిచి, ఫిల్టర్ తిరిగి పెట్టి, చైన్ బ్రేక్ వేసి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు పలికి ఆగిపోతే స్పార్క్, కంప్రెషన్ రెండూ ఉన్నట్టే. లోపం పెట్రోలు వచ్చే దారిలోనే ఉంది. అప్పటికీ పలకకపోతే స్పార్క్ చూడాలి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని మరను సిలిండర్ లోహానికి ఆనించి లాగండి. ప్లగ్ రంధ్రానికి మాత్రం దూరంగా ఉంచండి, అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. నిప్పురవ్వ కనిపించకపోతే స్విచ్ వైరు మీద కన్నేయండి. కార్బురేటర్ తీసి పెట్టేటప్పుడు ఈ వైరు నలిగి బాడీకి తగిలినా, స్విచ్ దగ్గరి రేకు వంగినా ఇంజన్ ‘ఆఫ్’లో ఉన్నట్టే.

ఇక అసలు చోటుకు వద్దాం. ఈ కార్బురేటర్‌కు రెండు వైపులా రెండు డయాఫ్రమ్‌లు (వంగే పల్చటి పొరలు) ఉంటాయి. ఒకటి పంపు. క్రాంక్‌కేస్‌లో పిస్టన్ కదలికతో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులు ఓ చిన్న రంధ్రం గుండా వచ్చి దాన్ని ఆడిస్తే, ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. రెండోది మీటరింగ్ డయాఫ్రమ్. ఇది లోపలి చిన్న లీవర్‌ను నొక్కి, పెట్రోలు దారిని మూసి ఉంచే నీడిల్‌ను తెరుస్తుంది. ఎక్కువ పొరపాట్లు వీటి వరసలోనే జరుగుతాయి. వాల్‌బ్రో, జామా కార్బురేటర్లలో ఎక్కువగా మీటరింగ్ వైపు బాడీకి ఆనుకుని ముందు ప్యాకింగ్, దానిపై డయాఫ్రమ్ రావాలి. పంపు వైపు అది తిరగబడుతుంది: బాడీకి ఆనుకుని డయాఫ్రమ్, పైన ప్యాకింగ్. వరస మారితే పంపు రెక్కలు సరిగా మూతపడవు, లేదా లీవర్‌కు తగలాల్సిన ఎత్తు మారిపోతుంది.

డయాఫ్రమ్ మధ్య బొడిపెను కూడా చూడండి. కొన్ని మోడళ్లలో అది లీవర్ చివరి చీలికలో ఇరుక్కోవాలి. పక్కకు జారితే నీడిల్ తెరుచుకోదు. లీవర్ చాలా వాటిలో చాంబర్ అడుగు మట్టానికి సమానంగా ఉండాలి, కొన్నింటిలో కాస్త కిందికి. మీ మోడల్ కొలత మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కొలత కన్నా కిందికి ఉంటే పెట్రోలు రాదు, పైకి ఉంటే ముంచేస్తుంది. ఇక డయాఫ్రమ్‌ను వేళ్లతో మెల్లగా వంచండి. కాగితంలా చప్పుడు చేస్తే గట్టిపడిపోయినట్టే. క్లీనర్ స్ప్రే రబ్బరు భాగాలపై పడితే ఉబ్బి వంకరపోతాయి కూడా. డయాఫ్రమ్ కిట్ మారిస్తే సరిపోతుంది.

ఇంజన్‌కూ కార్బురేటర్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్‌ను తిరగేసి పెడితే పంపును ఆడించే ఆ చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ప్యాకింగ్‌లోని చిన్న రంధ్రం ఇంజన్ వైపు రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోండి.

ప్రైమర్ బల్బు (వేలితో నొక్కే మెత్తటి బుడగ) ఉన్న మిషనైతే ఓ సులువు ఉంది. బల్బు నొక్కి వదిలితే పెట్రోలు నీడిల్‌ను దాటి వస్తుంది. అంటే బల్బు నిండుతూ ప్లగ్ పొడిగానే ఉంటే ట్యాంకు, పైపు, నీడిల్ దారి బాగానే ఉంది. పంపు వైపు, లేదా మూసుకుపోయిన జెట్ (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) వైపు వెతకాలి. బల్బు నిండకపోతే బల్బు పైపులు రెండూ తారుమారయ్యాయా, ట్యాంకులోని ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపు మడత దగ్గర పగిలిందా చూడండి. జెట్‌లో తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. ఎయిర్ కంప్రెసర్‌తో గట్టిగా ఊదితే మెయిన్ నాజిల్‌లోని చిన్న వాల్వ్ దెబ్బతింటుంది.

ప్లగ్ తడిసి ఉంటే దాన్ని తీసి, చోక్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పది సార్లు తాడు లాగితే నిండిన పెట్రోలు బయటకు పోతుంది. మళ్లీ తడిస్తే నీడిల్ కింద మలినం ఉందేమో చూడండి.

అన్నీ సరిచేశాక ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలను సవ్యదిశలో, ఆగేవరకు మెల్లగా మాత్రమే బిగించి, చెరొక చుట్టు వెనక్కి తిప్పండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదే అనుసరించాలి. పెట్రోలు నెల దాటిందైతే పారబోసి కొత్తది కలపండి: 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ. ఆయిల్.

ప్రశ్న: క్లీన్ చేశాక స్టార్ట్ అవుతోంది, యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: ఎక్కువగా ఎల్ స్క్రూ బిగువుగా ఉండి పెట్రోలు తగ్గడం వల్ల. అపసవ్యదిశలో ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తెరుస్తూ చూడండి. అప్పటికీ ఆగిపోతుంటే ఇంటేక్ రబ్బరు బూటులో (కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే గొట్టంలో) పగులు ఉందేమో వెతకండి. హెచ్ స్క్రూను మాత్రం చెవికి బాగుందని బిగించకండి. పెట్రోలు తగ్గిన కొద్దీ ఆయిలూ తగ్గి పిస్టన్ గీతలు పడి పట్టేస్తుంది. టాకోమీటర్ (ఇంజన్ వేగం కొలిచే మీటరు) పెట్టి, మాన్యువల్ చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎం దాటకుండా సరిచేయించండి.