సాల్మన్ లూర్‌కు దిండిలో ఏ కొక్కెం?

ప్రశ్న: అన్నా, మా బావ సియాటెల్‌లో ఉంటాడు, మొన్న వచ్చినప్పుడు సాల్మన్ పట్టే లూర్లు (నకిలీ ఎరలు) రెండు ఇచ్చాడు: చేప ఆకారంలో ఉండే ప్లగ్గు ఒకటి, చెంచాలాంటి రేకు స్పూన్ ఒకటి. స్పూన్‌కు ఒంటి కొక్కెమే ఉంది. ప్లగ్గుకు మాత్రం పొట్ట కింద ఒకటి, తోకకు ఒకటి మూడు కొనల కొక్కేలున్నాయి. దిండి ప్రాజెక్టులో కొర్రమట్ట కోసం వేస్తే వేసినప్పుడల్లా నాచు చుట్టుకుని వస్తోంది. ఒంటి కొక్కేలు పెడితే లూర్ నడక పాడవుతుందా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: టెన్షన్ పడకుండా మార్చేయండి. అక్కడి సాల్మన్ వేటలో కూడా చాలామంది చేసేది ఇదే. మూడు కొనలుంటే పట్టు ఎక్కువ అనిపిస్తుంది గానీ, చేప గింజుకునేటప్పుడు ఒక కొన నోట్లో, ఇంకోటి దవడ బయట తగిలితే దాని ఆసరాతోనే కొక్కెం ఊడొస్తుంది. ఒంటి కొక్కెం లోతుగా దిగుతుంది, తీయడమూ తేలిక. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సముద్ర జలాల్లో సాల్మన్‌కు, కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కెమే వాడాలని రూల్ కూడా ఉంది.

సైజు దగ్గర జాగ్రత్త. 4 కంటే 2 పెద్దది, 2 కంటే 1 పెద్దది, ఆ తర్వాత 1/0, 2/0 అంటూ పెరుగుతూ పోతాయి. అదే సైజు ఒంటి కొక్కెం పెడితే బరువు తగ్గి ప్లగ్గు తేలిపోతుంది, అందుకే ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకోండి, అంటే ఇప్పుడు 2 ఉంటే 1/0 పెట్టి చూడండి. కొక్కెం మరీ పెద్దదై రెండూ ఒకదానికొకటి తగులుకుంటే మాత్రం పొట్ట కిందిది తీసేయండి. మార్చాక ఒడ్డు పక్కనే, కంటికి కనిపించేంత దూరంలో లాగి చూడండి: ప్లగ్గు రెండు వైపులా సమంగా ఊగితే సరే, ఒక పక్కకు ఒరిగినా, తోక పైకి లేచినా బరువు కుదరనట్టే.

చాలామంది పట్టించుకోనిది కొక్కేన్ని లూర్‌కు తగిలించే రింగు. మామూలు కొక్కేన్ని ఒక్క రింగుకు తగిలిస్తే కొన పక్కకు తిరిగి అడ్డంగా నిలబడుతుంది. అలాంటప్పుడు ఇంకో రింగు గానీ చిన్న స్వివెల్ (గిర్రున తిరిగే లింకు) గానీ మధ్యలో వేయండి, లేదంటే కన్ను అడ్డంగా తిప్పి చేసిన ఇన్‌లైన్ కొక్కెం కొనండి. స్వివెల్ ఉంటే చేప మెలి తిరిగినా లూర్ బరువు కొక్కెం మీద పడదు.

మన కొర్రమట్ట నోరు ఎముక గట్టిది కాబట్టి కొన పదును చూసుకోండి. బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించి లాగితే గీరుకుని ఆగాలి, జారిపోతే ఆకురాయి పెట్టాల్సిందే.

ఎన్ని మార్చినా ప్లగ్గు గడ్డి లేని అంచుల వెంటే పనిచేస్తుంది, తామరాకుల్లోకి వెళ్లాలంటే కొనలు ఒంటికి ఆనుకుని ఉండే కప్ప లూరే కావాలి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కుతకుతలాడుతూ కనిపిస్తే అక్కడ అసలు వేయొద్దు, కింద కాపలా ఉన్న కొర్రమట్ట పోతే ఆ పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. స్పూన్‌ను ఉన్నది ఉన్నట్టే ఉంచి, లోతు నీళ్లలో వాలుగ కోసం వాడుకోండి.