పెద్దవాళ్లు ఫోన్లో డబ్బు లావాదేవీలు అలవాటు చేసుకోవాలంటే ఏం కావాలి?

యాప్ తేలిగ్గా ఉండాలా, క్యాష్‌బ్యాక్ ఇవ్వాలా, భద్రత గురించి నచ్చజెప్పాలా అని అడిగారు. నన్నడిగితే ఇవేవీ కావు. డబ్బు వచ్చినట్టు చెవిన పడాలి, అంతే.

మా పెద్దమ్మ నరసరావుపేటలో కర్రీ పాయింట్ నడుపుతుంది. 2016 నోట్ల రద్దప్పుడు చిల్లర దొరక్క బేరాలు పోతున్నా ఫోన్ జోలికి వెళ్లలేదు. తర్వాతెప్పుడో అన్నయ్య క్యూఆర్ స్టిక్కర్ తెచ్చి అంటిస్తే, దానికి న్యూస్‌పేపర్ అడ్డం పెట్టేది. ఊరికే కాదు. సాయంత్రం రద్దీలో ఒక కుర్రాడు గుత్తి వంకాయ, పప్పుచారు కట్టించుకుని, పచ్చ టిక్కు ఉన్న స్క్రీన్ ఇలా చూపించి అలా మాయమయ్యాడు. పైసా రాలేదు. మెసేజ్ చూసుకుందామంటే చేతులకు నూనె, పైగా అదంతా ఇంగ్లీషు!

డబ్బు పడగానే ఎంత వచ్చిందో పైకి చెప్పే సౌండ్ బాక్స్ పెట్టాక మనిషే మారిపోయింది. అది తెలుగులో పలికితేనే పొట్లం చేతికొస్తుంది. "డబ్బులు కట్ అయ్యాయమ్మా" అని ఒకాయన మొత్తుకుంటే, "నా పెట్టె చెప్పలేదు కదా బాబూ" అంది. కొత్తిమీర కట్ట దగ్గర రూపాయికి గీచిగీచి బేరమాడే మనిషి, ఆ పెట్టెకు నెలనెలా అద్దె మాత్రం కిక్కురుమనకుండా కడుతుంది. యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర ఎండీఆర్, అంటే ప్రతి చెల్లింపు మీద కోసుకునే రుసుము, తీసుకోవడం లేదని చెప్తే ఆవిడకేం పట్టలేదు.

అయితే పంపడం వేరే కథ. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పంపాలంటే కావాలి. భయమంతా అక్కడే. ఒక సున్నా ఎక్కువ పడితే ఎవర్ని అడగాలి? కూరగాయల హోల్‌సేల్ ఆయన "చిల్లర లేదక్కా, ఫోన్ కొట్టు" అని పట్టుబట్టాకే మొదలుపెట్టింది, అదీ కోడలు పక్కనుంటేనే. కాస్త చెయ్యి తిరిగేసరికి అప్‌డేట్ వచ్చి బటన్లన్నీ చోటు మారతాయి. ఈ యాప్‌లు చేసేవాళ్లింట్లో పెద్దవాళ్లు ఉండరేమో!

బ్యాంకుకెళ్తే ఇంకో తంటా. కీప్యాడ్ ఫోన్లకు 2022లోనే యూపీఐ 123పే వచ్చింది, మా బ్రాంచిలో దాని ఊసెత్తినవాళ్లు లేరు. పాస్‌బుక్ ప్రింటర్ ఎప్పుడు చూసినా రిపేరే. అచ్చు పడిన పుస్తకం చూసుకుంటేనే ధైర్యమొచ్చే వాళ్లను యాప్ వాడమని తరుముతారు.

మీ ఇంట్లోవాళ్లకు క్లాసులు పీకకండి. ముందు డబ్బు రావడం చూడనివ్వండి. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అని ఎవడైనా ఫోన్ చేస్తే వాడు దొంగే అని ఒక్కటి చెప్పి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్ ఫోన్లో సేవ్ చేసిపెట్టండి.