80 వాట్ల రిసీవర్‌కు 150 వాట్ల స్పీకర్లు పెట్టుకోవచ్చా?

మీ రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 80 వాట్లు ఇస్తుంది, మీకు నచ్చిన స్పీకర్ల మీద 150 వాట్లని ఉంది, ఆ రెండూ జత కుదరవు కాబట్టి పెద్ద రిసీవర్ కొనమని దుకాణంలో చెప్పారని రాశారు. అవసరం లేదు. మా హాల్లో ఇంచుమించు ఇదే జోడీ ఏళ్లుగా నడుస్తోంది.

ఆ 150 అనేది స్పీకర్ తట్టుకోగల పరిమితి మాత్రమే. వంతెన దగ్గర 20 టన్నులని బోర్డు ఉంటే సైకిల్ వెళ్లకూడదని కాదు కదా.

మీరు అడగాల్సిన అంకె వేరే ఉంది: సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో అది చెబుతుంది. 88 డెసిబెళ్ల స్పీకర్‌కు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, గది గోడల సాయం లెక్కలో వేయకపోయినా, ఒక్క వాట్‌కే 78 డెసిబెళ్ల పైన వినిపిస్తుంది. రోజూ సినిమా చూసే శబ్దానికి అది చాలు. 80 వాట్లూ వాడితే 97 దాటుతుంది. అపార్ట్‌మెంట్‌లో అయితే ఈలోపే పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు. వాట్లు రెట్టింపు చేసి 160 ఇచ్చినా పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు, అంటే 800 వాట్లు కావాలి. అందుకే 80కీ 100కీ మధ్య తేడా కోసం వేలు పోయడం నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది. ఆ డబ్బుతో 91 డెసిబెళ్ల స్పీకర్లు దొరికితే అవే తీసుకోండి, రిసీవర్ శక్తి రెట్టింపైనట్టే.

అయితే తక్కువ శక్తి రిసీవర్‌తో ఒక ప్రమాదం ఉంది. మా బావగారింట్లో శుభకార్యానికి ఒక చిన్న రిసీవర్‌నూ, దానికన్నా ఎన్నో రెట్లు వాట్లున్న స్పీకర్లనూ డాబా మీదికి ఎక్కించారు. ఆరుబయట శబ్దం చాలడం లేదని పిల్లలు వాల్యూమ్ చివరిదాకా తిప్పేశారు. తెల్లారేసరికి రెండు ట్వీటర్లూ (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగాలు) మూగబోయాయి, బేస్ పలికే వూఫర్లకు మాత్రం ఏమీ కాలేదు. రిసీవర్ తన శక్తికి మించి ఇవ్వలేనప్పుడు సంకేతంలోని శిఖరాలు తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు ట్వీటర్‌కు వెళ్లే శక్తి మామూలుకన్నా బాగా పెరుగుతుంది. 150 వాట్లనేది స్పీకర్ మొత్తానికి చెప్పే మాట, అందులో ట్వీటర్ ఓర్చుకునేది చాలా తక్కువ. శబ్దం గరగరలాడుతూ చెవికి గుచ్చుకుంటే వెంటనే తగ్గించండి.

రిసీవర్ పెట్టె మీది అంకెనూ పూర్తిగా నమ్మకండి. 8 ఓమ్‌ల (స్పీకర్ విద్యుత్తుకు చూపే నిరోధం) దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, రెండు ఛానెళ్లు పనిచేస్తుండగా ఎంత అన్నదే అసలు లెక్క. 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, ఒకే ఛానెల్, 10 శాతం వక్రీకరణ (డిస్టార్షన్) అని సన్న అక్షరాల్లో ఉంటే పెట్టె మీది 150 అసలు లెక్కలో 80కి దిగవచ్చు. ఇక పీఎంపీఓ (ప్రచారం కోసం చెప్పే క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేలల్లో రాసే అంకెను చదవనే వద్దు.

సబ్‌వూఫర్ (బేస్ మాత్రమే పలికే పెట్టె) ఉంటే సెట్టింగుల్లో స్పీకర్లను ‘స్మాల్’గా పెట్టి, క్రాసోవర్ (ఏ హద్దు కింది శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. ఎక్కువ శక్తి తినే బేస్ భారం సబ్‌వూఫర్‌లోని సొంత ఆంప్లిఫయర్ మీద పడుతుంది, రిసీవర్ ఊపిరి పీల్చుకుంటుంది. వేడి పోయేలా రిసీవర్ పైన కాస్త ఖాళీ వదలండి; టీవీ స్టాండు అరలో బిగించి, మీద సెట్‌టాప్ బాక్సు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

మీరు రాయని విషయం ఒకటుంది, ఆ స్పీకర్ల ఇంపెడెన్స్, అంటే ఇందాకటి ఓమ్‌ల లెక్క. 6 లేదా 8 ఓమ్‌లైతే నిశ్చింతగా కొనేయండి. 4 ఓమ్‌లైతే మాత్రం రిసీవర్ వెనుక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కనీసం ఎన్ని ఓమ్‌లు ఉండాలని ముద్రించారో చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.