లెక్క తేల్చండి మాస్టారూ: ఎనిమిదింట ఆరు గెలిస్తే గెలిచినట్టేనా?

ప్రశ్న: ఎరువుల కొట్లో ఒక జీవ ఎరువు పొడి అంటగట్టారు. నమ్మకం కుదరక, మా అన్నదమ్ముల ఎనిమిది కయ్యలకూ మధ్యలో గట్టు వేసి చెరి సగం చేశాం. ఒక సగంలో పొడి చల్లి, రెండోది మామూలుగా వదిలాం. ఆరు కయ్యల్లో పొడి చల్లిన సగమే ఎక్కువ పండింది. 'రుజువైపోయింది, ఇక ఎకరాకు అర పుట్టి అదనం' అంటున్నాడు కొట్టు యజమాని. నిజమేనా?
– ఒక రైతు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ముందు మీకు దండం పెట్టాలి. పొడి వేయని సగాన్ని కూడా పక్కనే ఉంచుకున్నారు. అది లేకపోతే లెక్క వేయడానికి నాకు ఏమీ మిగిలేది కాదు.

పొడిలో పస లేదనే అనుకుని మొదలుపెడదాం. పుస్తకాల్లో దీన్ని శూన్య పరికల్పన అంటారు. పస లేకపోతే ఏ కయ్యలో ఏ సగం ఎక్కువ పండుతుందన్నది బొమ్మా బొరుసే. ఎనిమిది కయ్యలకూ కలిపి 256 రకాల ఫలితాలు రావచ్చు, అన్నిటికీ సమాన అవకాశం. వాటిలో పొడి సరిగ్గా ఆరు చోట్ల గెలిచేవి 28, ఏడు చోట్ల గెలిచేవి 8, అన్ని చోట్లా గెలిచేది 1. వెరసి 37. ఆరుతో ఆగకుండా ఏడునూ ఎనిమిదినీ ఎందుకు కలిపానంటే, ఇంత మంచి ఫలితమో ఇంతకన్నా మంచిదో ఊరికే వచ్చే వీలెంత అన్నదే మన ప్రశ్న. దాని జవాబునే పి విలువ అంటారు. 256లో 37 అంటే 14 శాతం పైచిలుకు. పొడికి బదులు కాలువ గట్టు మట్టి చల్లినా, ఏడుసార్లకు ఒకసారి మీకు ఈ సంతోషం దక్కేది! ఏడు చోట్ల గెలిచి ఉంటే 256లో 9, అంటే మూడున్నర శాతం. అప్పుడు కొట్టు యజమాని మాట నేనూ చెవిన వేసుకునేవాణ్ణి.

అలాగని పొడి దండగ అని కొట్టు ముందు తగవు పెట్టుకోకండి. చిన్నపాటి గుణం ఉన్నా ఎనిమిది కయ్యల్లో బయటపడకపోవచ్చు. ప్రస్తుతానికి తేలలేదు, అంతే.

నా అసలు అనుమానం వేరే. ఏ సగంలో చల్లాలో ఎలా నిర్ణయించారు? కాలువ వైపు సగానికి నీళ్లు ముందు అందుతాయి. ఎనిమిదింటిలోనూ చేతికి దగ్గరగా ఉందని అటే చల్లి ఉంటే, గెలిచింది పొడో పెన్న నీళ్లో ఎవరూ చెప్పలేరు. వచ్చే కారుకు కయ్యకో మారు రూపాయి బిళ్ల ఎగరేసి సగాన్ని ఎంచుకోండి. కోత దగ్గరా కన్ను వేయాలి. మిషను ట్యాంకులో వడ్లు పూర్తిగా దించకుండా రెండో సగంలోకి దిగితే ఇటు గింజలు అటు లెక్కలో చేరతాయి. నెమ్ము మీద ఒక కుప్పనూ, ఆరబెట్టాక ఇంకొక కుప్పనూ తూచినా అంతే.

ఇంకో మాట. నేను వేసిన లెక్క గెలుపోటములనే చూస్తుంది. రెండు కిలోల తేడానూ రెండు బస్తాల తేడానూ ఒకే గాట కడుతుంది. పుట్టి (మా నెల్లూరులో 850 కిలోలు) లెక్క పక్కనపెట్టి, సగం సగానికీ కిలోల్లో రాసి పంపండి, తేడా ఎంతో కూడా లెక్కలోకి తీసుకునే టి పరీక్ష చేసి చూద్దాం. డబ్లిన్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్, 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఇలాంటి కొద్దిపాటి కొలతల కోసమే దానికి పునాది వేశాడు.

ప్రశ్న: పి విలువ 0.03 వస్తే శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 3 శాతం అని నోట్సులో ఉంది. పరీక్షలో అలాగే రాయవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: వద్దమ్మా. పస లేదనుకుంటే ఇలాంటి ఫలితం వచ్చే వీలు ఎంతో పి విలువ చెబుతుంది. ఫలితం వచ్చింది కాబట్టి పస లేకపోయే వీలు ఎంత అన్నది వేరే ప్రశ్న. కావలిలో ఉన్నవాళ్లంతా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నట్టే గానీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లంతా కావలిలో లేరు కదా! ఈ పొరపాటు ఎంతగా పాకిపోయిందంటే, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఒక ప్రకటన చేసి మరీ హెచ్చరించింది.

ప్రశ్న: పి విలువ 5 శాతం లోపు ఉంటేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలంటారు. ఆ గీత ఎవరు గీశారు?
– ఒక ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ఇంగ్లండులో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్. మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ గురువు ఆయనే. 1925 నాటి పుస్తకంలో, వీలుగా ఉంటుందని ఆ గీతను సూచించాడు. ప్రకృతి సూత్రమేమీ కాదు. పస లేని పొడులే 20 తెచ్చి విడివిడిగా పరీక్షించారనుకోండి, ఒక్కటైనా ఆ గీత దాటి 'నెగ్గే' అవకాశం 64 శాతం. అందుకే, నెగ్గిన పొడి పట్టుకుని ఎవరైనా వస్తే, దానితోపాటు ఇంకా ఎన్నిటిని పరీక్షించారో ముందు అడగండి.