ప్రజలు తిరగబడి తరిమేసిన ప్రాచీన రాజుల్లో మీకు బాగా గుర్తుండిపోయిన రాజు ఎవరు?

చైనాను ఏలిన జౌ వంశపు రాజు లీ. తన కొలువులోని రోంగ్ యీ ప్రభువు మాట పట్టుకుని, పదిమందికీ చెందాల్సిన రాబడిని తన గుప్పిట్లో పెట్టుకున్నాడన్నది నిజమే. కానీ అతణ్ణి ముంచింది ఆ దురాశ కాదు, జనం నోరు నొక్కడమేనని నా గట్టి నమ్మకం.

తనను తిట్టేవాళ్లను కనిపెట్టడానికి వేయ్ దేశపు మంత్రగాడొకణ్ణి పెట్టాడు. అతను ఎవరి పేరు చెబితే వాళ్ల తల తెగేది. దాంతో రాజధాని హావోజింగ్‌లో మనుషులు దారిలో ఎదురుపడితే పెదవి కదపకుండా చూపులతోనే మాట్లాడుకునేవారట.

ఆ చూపులు నాకు తెలుసు. ఇంటర్ చదివేటప్పుడు మా హాస్టల్ వార్డెన్ మాలోనే ఒకణ్ణి వేగుగా పెట్టుకున్నాడు. తిండి బాగాలేదన్నవాడి ఇంటికి తెల్లారేసరికి ఫోను వెళ్లేది, మీవాడికి క్రమశిక్షణ లేదని. ఒక రాత్రి సాంబారు గిన్నెలో బొద్దింక తేలింది. వడ్డించే మనిషి గరిటె ఆపేశాడు. వరుసలో ఉన్న అందరం చూశాం. పక్కవాడు నా కళ్లలోకి చూశాడు, నేను ఎదుటివాడి కళ్లలోకి చూశాను. పళ్లేలు పట్టుకుని ముందుకు కదిలాం. ఆ ఆదివారమే వార్డెన్ ఫిర్యాదుల పెట్టె తెరిచి, ఖాళీగా ఉందని తల్లిదండ్రులకు చూపించాడు. మా నాన్న తృప్తిగా ఊరికి వెళ్లిపోయారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లీ కూడా అలాగే, నిందలన్నీ ఆపించానని తన కొలువులోని పెద్ద, షావో ప్రభువు దగ్గర మురిసిపోయాడు. జనం నోటికి కట్ట వేయడం నదికి కట్ట వేయడం కన్నా ప్రమాదం, నీటికి దారి ఇవ్వాలని ఆయన మొత్తుకున్నా వినలేదు. మూడేళ్లకు, క్రీ.పూ. 841లో, రాజధాని జనం ఒక్కసారిగా మీద పడ్డారు. రాజు జీ అనే చోటుకు పారిపోయి, క్రీ.పూ. 828లో అక్కడే పోయాడు. చైనా చరిత్రలో ఏడాది వెంట ఏడాది తెగకుండా లెక్క దొరికేది ఆ 841 నుంచే. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో మాత్రం చైనా అంటే గోడ, పట్టు, అంతే! ఇలాంటి సంగతి పిల్లలకు చెప్పకపోతే చరిత్ర పాఠం ఎందుకు?

యువరాజు షావో ప్రభువు ఇంట్లో దాక్కున్నాడు. జనం ఇల్లు చుట్టుముట్టి అప్పగించమంటే, ఆ ప్రభువు యువరాజుకు బదులు సొంత కొడుకును అప్పగించాడు. బతికి బయటపడ్డ యువరాజు తర్వాత షువాన్ రాజయ్యాడు. షావో మాట రాజు చెవిన పెట్టి ఉంటే ఆయన కొడుకు బలయ్యేవాడు కాదు. చరిత్ర రాసినవాళ్లు ఆ అబ్బాయి పేరైనా రాయలేదు.