స్లాబు కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు: ఏం చూసి తీసుకోవాలి, ఎంత కలపాలి?

మీరు అడిగింది: వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అయిదంగుళాల స్లాబు వేస్తున్నారు, మేస్త్రీ గారు 1:2:4 చాలంటున్నారు, సామాను ఏం చూసి తెప్పించాలి, ఎంత తెప్పించాలి అని.

ముందు పాళ్లు. 1:2:4 అంటే ఎం-15 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు, అంకె పెరిగితే బలం ఎక్కువ). ఇనుము ఉన్న కాంక్రీటు ఏదైనా ఎం-20కి తగ్గకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. అంటే సిమెంటు 1, ఇసుక ఒకటిన్నర, కంకర 3. మేస్త్రీ గారు చెప్పిన పాళ్లు పునాది కింద బెడ్డుకు సరిపోతాయి, స్లాబుకు వద్దు. ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

నేను సైట్లలో చూసినంతవరకు, పాళ్లు సరిగ్గా ఒప్పుకున్నాక కూడా స్లాబు చెడేది ఇసుక దగ్గర, నీళ్ల దగ్గర. సిమెంటు కంపెనీ మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ రెండింటి మీద పెట్టినా చాలా మేలు.

ఇసుక దిగగానే సీసా పరీక్ష చేయండి. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, ముప్పావు వంతు వచ్చేదాకా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు మట్టి పొరగా తేరుకుంటాయి. పది సెంటీమీటర్ల ఇసుక మీద మట్టి పొర 8 ఎంఎం దాటితే ఆ లోడు వెనక్కి పంపండి, లేదా కడిగించండి. మట్టి ఇసుక గింజకూ సిమెంటుకూ మధ్య అడ్డుపడి పట్టు రానివ్వదు, పైగా నీళ్లు ఎక్కువ లాగుతుంది. వాగు ఇసుకలో ఈ బెడద ఎక్కువ. ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక స్లాబుకు పనికిరాదు, చేతిలో గరుకుగా తగలాలి. సముద్రపు ఒడ్డు ఇసుక అసలే వద్దు, అందులో ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది.

రోబో శాండ్, అంటే రాయిని యంత్రంతో నలగ్గొట్టి చేసిన ఇసుక, నిక్షేపంగా వాడొచ్చు. కానీ ఆ పేరుతో క్రషర్ డస్ట్ (కంకర కొట్టగా మిగిలిన దుమ్ము) తోలేవాళ్లున్నారు, గింజ చూసుకోండి. నలగ్గొట్టిన ఇసుకలో రాతి పొడి 15 శాతం వరకు ఉండొచ్చని ఇసుక, కంకరల ప్రమాణం ఐఎస్ 383 ఒప్పుకుంటుంది, కాబట్టి సీసాలో పొర మందంగా కనిపించినంత మాత్రాన దాన్ని మట్టి అనుకోకండి. వేళ్ల మధ్య నలిపితే మట్టి జిగురుగా అంటుకుంటుంది, రాతి పొడి అంటుకోదు.

ఇక చాలామంది పట్టించుకోనిది, తడి ఇసుక ఉబ్బడం. 4, 5 శాతం తేమ ఉన్న ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఎక్కువ చోటు తీసుకుంటుంది. దాన్ని పొడి ఇసుకలాగే కొలిస్తే ఇసుక తక్కువ పడి, మాలు గరుకుగా వచ్చి, సెంట్రింగ్ విప్పాక తేనెపట్టులా బొక్కలు కనిపిస్తాయి. తెలుసుకోవడం తేలిక. నిలువు డబ్బాలో 20 సెంటీమీటర్ల ఎత్తున తడి ఇసుక నింపి బయటకు తీయండి. డబ్బాలో సగం నీళ్లు పోసి, అదే ఇసుకను మళ్లీ వేసి కలియబెట్టండి. పూర్తిగా మునిగిన ఇసుక పొడి ఇసుక ఎత్తుకే దిగుతుంది. 16 దగ్గర ఆగితే ఉబ్బు 25 శాతం, అప్పుడు ఒకటిన్నర పాళ్ల బదులు దాదాపు 1.9 పాళ్లు వేయాలి.

కొలతకు తట్టలు నమ్మకండి. ఒకరు గోపురంగా ఎత్తుతారు, ఒకరు వెలితిగా. యాభై కేజీల సిమెంటు బస్తా 35 లీటర్లు. లోపలి కొలత 40, 35, 25 సెంటీమీటర్లతో చెక్క ఫర్మా (కొలత పెట్టె) చేయిస్తే సరిగ్గా అంతే పడుతుంది. బస్తాకు ఒకటిన్నర ఫర్మాల పొడి ఇసుక, మూడు ఫర్మాల కంకర. సిమెంటు మాత్రం బస్తా లెక్కే, అరబస్తా బేరాలు పెట్టుకోవద్దు.

కంకర 20 ఎంఎం. అందులో మూడో వంతు పైచిలుకు 10 లేదా 12 ఎంఎం కలిస్తే సందులు నిండి మాలు చక్కగా వస్తుంది. పలకల్లా, సూదుల్లా ఉన్న ముక్కలు ఎక్కువుంటే వద్దనండి. దుమ్ము పట్టి ఉంటే ముందురోజే నీళ్లతో కడిగించండి.

సిమెంటు ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) అయినా పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన పోర్ట్‌లాండ్ సిమెంటు) అయినా ఫర్వాలేదు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి, మూడు నెలలు దాటింది వద్దు. వేళ్లతో నలిపినా చిదమలేని గడ్డలుంటే పక్కన పెట్టేయండి. చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చండి.

నీళ్లు బస్తాకు మొత్తం 25 నుంచి 27 లీటర్లు, ఇసుకలో ఉన్న తేమతో కలిపి. బస్తాకు పడే ఇసుక సుమారు 80 కేజీలు, 5 శాతం తేమ అంటే అందులోనే 4 లీటర్లున్నాయి. కాబట్టి మీరు పోసేది 21 నుంచి 23. సిమెంటు గట్టిపడే చర్యకు దాని బరువులో సుమారు నాలుగో వంతు నీరు చాలు, తక్కినది మాలు కదలడం కోసమే. అది ఆరిపోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. అందుకే మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర పైపు పట్టుకుని అందాజుగా పోయనివ్వకండి, కొలత గీసిన బకెట్ పెట్టండి. మాలు కదలడం లేదంటే ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే ద్రావణం) వాడండి, డబ్బా మీద రాసిన మోతాదు దాటకుండా. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే పరీక్ష చేయించండి. ఇనుమున్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు మించకూడదు.

మీ స్లాబు 417 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగుల ఎం-20కి 23 బస్తాలు, పొడి ఇసుక 42 ఘనపుటడుగులు, కంకర 84 ఘనపుటడుగులు పడతాయి. ఆ లెక్కన 96 బస్తాలు, ఇసుక 175 (తడిదైతే 220), కంకర 350 ఘనపుటడుగులు. వృథాకు నాలుగైదు బస్తాలు కలుపుకోండి. బీముల ఘనపరిమాణం విడిగా లెక్కేసి ఇదే దామాషాలో చేర్చండి.

మిల్లర్లో కనీసం రెండు నిమిషాలు తిరగాలి. కలిపిన మాలు అరగంటలో పడిపోవాలి, బిగిసిందని మళ్లీ నీళ్లు పోసి కలపకూడదు. పైన నీరు తేలితే పొడి సిమెంటు చల్లి రుద్దే అలవాటు మాన్పించండి, ఆ పొర తర్వాత పెళుసుగా పగులుతుంది. మర్నాడు గట్లు కట్టి నీళ్లు నిలపండి. పీపీసీకి కనీసం 10 రోజులు, ఎండాకాలంలో 14. ఓపీసీతో వేస్తే నాలుగున్నర మీటర్ల లోపు గదికి స్లాబు కింద ఊతాలు 7 రోజులకు ముందు, అంతకు పెద్ద గదికి 14 రోజులకు ముందు తీయకూడదు. పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు ఆగండి.